మేనేజర్‌గా ఒక ఏడాది, మళ్ళీ ఇంజనీర్‌గా: రెండు వైపుల పే స్లిప్పులు

2024 జూలైలో మేనేజర్‌నయ్యాను. 2025 జూలైలో మళ్ళీ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌నయ్యాను. కంపెనీ అదే, గచ్చిబౌలిలో బిల్డింగ్ అదే, కూర్చునే అంతస్తు కూడా అదే. ఈ మధ్య ఫోన్ చేసే కజిన్స్, పాత కొలీగ్స్ అందరిదీ ఒకటే ప్రశ్న: "డబ్బులెందులో ఎక్కువ? ఎందులో త్వరగా పైకెళ్తారు?" ఒక్కొక్కరికి విడిగా చెప్పే ఓపిక లేక, జరిగింది జరిగినట్టు అంకెలతో సహా ఇక్కడ రాస్తున్నాను. కంపెనీ పేరు రాయను. అమెరికా ప్రాడక్ట్ కంపెనీ (అంటే సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసేది), హైదరాబాద్ ఆఫీసు పెద్దదే, అంతవరకు తెలిస్తే చాలు.

2023 నవంబర్‌లో మా మేనేజర్ పేపర్ పెట్టాడు, అంటే రాజీనామా చేశాడు. అప్పటికి నేను సీనియర్ ఇంజనీర్‌గా మూడేళ్ళు దాటాను. పైమెట్టు స్టాఫ్ ఇంజనీర్. దానికి నా ప్రమోషన్ ప్యాకెట్, అంటే చేసిన పనుల్ని చూపిస్తూ పెట్టే పత్రం, అంతకు ముందు ఏడాది ఒకసారి కమిటీకి వెళ్ళి "పని బాగుంది, పరిధి చాలదు" అనే మాటతో తిరిగొచ్చింది. అంటే మా టీమ్ దాటి పక్క టీముల మీద నా డిజైన్ల ప్రభావం కనిపించడం లేదని. అలాంటి సమయంలో డైరెక్టర్ పిలిచి, "టీమ్‌ని నువ్వే చూసుకో, ఆరు నెలలు చూద్దాం" అన్నాడు. టైటిల్ మారదు, జీతం మారదు. పని మాత్రం రెండూ: కోడూ రాయాలి, ఏడుగురితో వారం వారం విడివిడిగా కూర్చుని మాట్లాడే వన్ ఆన్ వన్లూ పెట్టాలి.

ఈ ఆరు నెలల ట్రయల్ గురించి ఎవరూ ముందు చెప్పరు. చాలా కంపెనీల్లో ఏదో ఒక పేరుతో ఇది ఉంటుంది. మంచిదే, నచ్చకపోతే వెనక్కి రావచ్చు. కానీ ఆ ఆరు నెలల్లో రాసిన కోడ్ అంతంతమాత్రం కాబట్టి ఇంజనీర్ ప్రమోషన్‌కి అది పనికిరాదు. టైటిల్ లేదు కాబట్టి మేనేజర్ అనుభవం కిందా లెక్కలోకి రాదు. ముందే అడిగి, ఆ కాలాన్ని రేటింగ్‌లో ఎటువైపు చూస్తారో ఈమెయిల్‌లో రాయించుకోండి. నేను రాయించుకున్నాను, డిసెంబర్‌లో అక్కరకొచ్చింది.

2024 జూన్‌లో ఇద్దరు మేనేజర్లు, ఒక హెచ్ఆర్ కలిసి ఇంటర్వ్యూ చేశారు. ఫలితానికి మూడు వారాలు పట్టింది. జూలైలో లెటర్ వచ్చింది. ఒక్క పేజీ. హోదా పేరు మారింది, దాని కింద "వేతనంలో మార్పు లేదు" అని ఒక లైన్. హెచ్ఆర్‌కి ఫోన్ చేశాను.

"ఇది ప్రమోషన్ కాదండీ, లాటరల్ మూవ్. మీ లెవెల్ అదే కదా" అంది ఆ అమ్మాయి, చాలా మర్యాదగా.

నా మొదటి ఆరేళ్ళు బయటి క్లయింట్లకి పని చేసిపెట్టే సర్వీసు కంపెనీలో గడిచాయి. అక్కడ మేము చూసిన నిచ్చెన ఒకటే: టీమ్ లీడ్, ప్రాజెక్ట్ మేనేజర్, ఆపైన అకౌంట్ మేనేజర్. కోడ్ రాస్తూ ఉండిపోయినవాడి మీద "ఎదగలేదు" అన్న ముద్ర పడేది. ప్రాడక్ట్ కంపెనీల్లో రెండు నిచ్చెనలు పక్కపక్కనే నిలబెట్టి, మెట్టుకు మెట్టు జత కలుపుతారు. అయితే మేనేజర్ నిచ్చెన ఏ మెట్టు దగ్గర మొదలవుతుందో కంపెనీని బట్టి మారుతుంది. అమెజాన్‌లో సీనియర్ ఇంజనీరైన ఎస్‌డీఈ-3 కూడా, మేనేజరైన ఎస్‌డీఎం కూడా ఎల్6 అనే ఒకే మెట్టు కింద వస్తారు. ఫేస్‌బుక్ నడిపే మెటాలో ఎం1 అనే మేనేజర్ మెట్టు ఇంజనీర్ నిచ్చెనలో ఇ6కి సమానం. అలాంటి చోట ఇ5 ఇంజనీర్ ఎం1 మేనేజరైతే ఒక మెట్టు ఎక్కినట్టే, జీతమూ పెరుగుతుంది. "మేనేజరైతే డబ్బులెక్కువ" అనే మాట అక్కడి నుంచే పుట్టి ఉంటుంది. మా దగ్గర మొదటి మేనేజర్ మెట్టు సీనియర్ ఇంజనీర్‌తోనే సమానం. కాబట్టి నాకు రూపాయి పెరగలేదు.

పెరగకపోగా తగ్గింది. ఆగస్టు పే స్లిప్ చూస్తే చేతికొచ్చేది దాదాపు 12 వేలు తక్కువ. ఎక్కడో తప్పు జరిగిందనుకుని పేరోల్‌కి టికెట్ వేశాను. రెండు రోజులకు జవాబొచ్చింది: ఆన్‌కాల్ అలవెన్స్, అంటే వేళకాని వేళ సిస్టమ్ పాడైతే ఫోనెత్తే వంతుకిచ్చే డబ్బు, ఇంజనీర్లకే, మేనేజర్లకు లేదు. నెలకు 18 వేలు అలా పోయింది, పన్ను తీసేస్తే ఆ 12 వేలు. తమాషా ఏమిటంటే రాత్రి రెండింటికి ప్రొడక్షన్ (కస్టమర్లు వాడే సిస్టమ్) పడిపోతే ఆన్‌కాల్ ఇంజనీర్ తర్వాత మోగే ఫోన్ నాదే. అలవెన్స్ పోయింది, మోత పోలేదు.

నా అంకెలు ఇవీ: బేస్ 48 లక్షలు, బోనస్ టార్గెట్ 15 శాతం, ఏడాదికి వెస్ట్ అయ్యే, అంటే నా సొంతమయ్యే, కంపెనీ షేర్లు షేరు ధరను బట్టి 14 నుంచి 16 లక్షలు. ఇందులో ఇంజనీర్‌గా ఒకటి, మేనేజర్‌గా ఒకటి అంటూ తేడా ఏమీ లేదు. షేర్లు వెస్ట్ అయిన రోజునే వాటి విలువ జీతంలో పెర్క్విజిట్‌గా (పన్ను పడే అదనపు ప్రయోజనంగా) కలుస్తుంది. ఆదాయం 50 లక్షలు దాటితే 30 శాతం పన్ను మీద 10 శాతం సర్‌ఛార్జి, ఆపైన 4 శాతం సెస్. అంటే పైభాగంలో ప్రతి వంద రూపాయలకూ 34 పైచిలుకు పోతుంది. అందుకే వంద షేర్లు వెస్టయితే మూడోవంతు అక్కడికక్కడే అమ్మి పన్ను కట్టేస్తారు. ఎవరైనా మీకు "నా ప్యాకేజీ 70" అని చెబితే ఈ కోత మనసులో పెట్టుకుని వినండి.

ఇంట్లో మాత్రం పండగే. అత్తయ్య అపార్ట్‌మెంట్‌లో కలాకండ్ పంచారు. ఖమ్మం నుంచి నాన్న ఫోన్ చేసి మొదట అడిగిన ప్రశ్న, "నీ కింద ఎంతమందమ్మా?" ఏడుగురన్నాను. కాస్త నిరాశ. ఆయన విద్యుత్ బోర్డులో సబ్ ఇంజనీర్‌గా చేరి డీఈగా (డివిజనల్ ఇంజనీర్) రిటైరయ్యారు. అక్కడ కింది నుంచి పైకి ఏఈ, ఏడీఈ, డీఈ, ఎస్ఈ, ఉన్నది ఒకే వరస. పైకెళ్ళేకొద్దీ సబ్‌స్టేషన్ దూరమై ఫైళ్ళు దగ్గరవుతాయి. ఇంజనీర్‌గానే ఉండి పైకెళ్ళే దారి ఇంకొకటి ఉంటుందంటే ఆయనకి ఇప్పటికీ నమ్మకం కుదరదు.

ఆఫీసులో ఒక సీనియర్ పక్కకి పిలిచి, "ఎల్1ఏ కోసమేగా?" అని కన్ను గీటాడు. హైదరాబాద్‌లో మేనేజర్ కుర్చీకి ఈ విలువ కూడా ఉంది. ఇక్కడ మేనేజర్‌గా ఏడాది పూర్తయితే అదే కంపెనీ ఎల్1ఏ అనే మేనేజర్ల వీసా మీద అమెరికా పంపొచ్చు, అక్కడ మేనేజర్ల కోటా అయిన ఈబీ-1సీ కింద గ్రీన్ కార్డ్‌కి దరఖాస్తు పెట్టొచ్చు. చాలామంది ఇంజనీర్లు నిలబడే ఈబీ-2లో భారతీయుల క్యూతో పోలిస్తే ఆ క్యూ చాలా చిన్నది. నాకా ఉద్దేశం లేదు, పాప చదువు, అత్తయ్య మామయ్య అన్నీ ఇక్కడే. కానీ డబ్బు లెక్క ఒక్కటే చూసి "ఎందుకు మేనేజర్లవుతారు?" అనుకునేవాళ్ళకి ఈ సంగతి తెలియాలి.

సెప్టెంబర్‌లో జీతాల టూల్‌కి యాక్సెస్ వచ్చింది. తలుపేసుకుని చూశాను. ఏడు వరసలు. నా లెవెల్‌లోనే ఉన్న ఒక ఇంజనీర్‌కి మొత్తం మీద నాకంటే దాదాపు 18 లక్షలు ఎక్కువ. 2021లో అందరూ మనుషుల కోసం ఎగబడిన రోజుల్లో చేరాడు, చేరినప్పుడిచ్చిన షేర్లే ఆ తేడా. కోపం రాలేదు, నిజంగా. నవ్వొచ్చింది. నవ్వు రానిది ఇంకో వరస: అయిదేళ్ళుగా ఇక్కడే ఉండి టీమ్‌లో సగం కోడ్ తెలిసిన అమ్మాయి. ఆమె కంటే కింది లెవెల్‌లో ఆర్నెల్ల కింద చేరిన కుర్రాడి బేస్ ఆమె బేస్ కంటే ఎక్కువ. ఇది ఆమెకు తెలియదు. నాకు తెలుసు. రోజూ ఆమెతో కలిసి లంచ్ చేస్తాను.

హైక్ చేతిలో ఉందిగా, సరిచేయొచ్చుగా అనిపిస్తుంది. చేతిలో ఉన్నది ఒక పూల్: టీమ్ మొత్తం బేస్ మీద 8 శాతం. ఒకరికి ఎక్కువ రాస్తే మిగతా ఆరుగురి దగ్గర కొయ్యాలి. ఆమెకి 15 రాశాను. మిగతావాళ్ళలో ఎవరికీ 9 దాటలేదు, ఇద్దరికి 5. ఆ ఇద్దరిలో ఒకడు మార్చి హైక్ లెటర్ వచ్చిన వారంలోనే రాజీనామా చేశాడు. అతని నోటీస్ 90 రోజులు. నా హైక్ పైనుంచి వచ్చింది, 6 శాతం. పక్క టీమ్‌లో నాతోపాటు సీనియర్ ఇంజనీర్‌గానే ఉండిపోయిన స్నేహితుడికి 7.

డిసెంబర్ రేటింగుల గురించి రాయకుండా దాటలేను. మేనేజర్ రాసే రేటింగ్ తుది రేటింగ్ కాదు. పది పన్నెండు మంది మేనేజర్లు ఒక గదిలో కూర్చుని రెండు పూటలు ఒక్కో పేరు చదువుతూ, పైన ఇంతమంది, కింద ఇంతమంది అనే లెక్కకి సరిపోయేదాకా కదుపుతారు. క్యాలిబ్రేషన్ అంటారు. గొంతు పెద్దగా ఉన్నవాళ్ళ టీమ్‌కి మేలు జరుగుతుంది, ఇది నేను కళ్ళారా చూశాను. నా టీమ్‌లో ఒకతనికి "బాగుంది" అని రాసుకుని వెళ్ళాను, "మెరుగుపడాలి"తో బయటకొచ్చాను. అతనికి చెప్పాల్సింది నేనే. పైగా ట్రైనింగ్‌లో ఒక నియమం నేర్పారు: "కమిటీ మార్చింది" అనకూడదు, నిర్ణయం మీదేనని చెప్పాలి. అతను వాదించలేదు. "సరే అండీ, ఏం మార్చుకోవాలో చెప్పండి" అని నోట్‌బుక్ తీశాడు. నేను ఏవేవో చెప్పాను. ఆ రాత్రి మా ఆయన ఏమైందని అడిగితే తలనొప్పన్నాను.

ఇంజనీర్‌గా ఉన్నప్పుడు చెడ్డ రోజంటే బిల్డ్ విరిగిన రోజు, అంటే అందరి కోడ్ కలిపితే నడవని రోజు. మర్నాడు పదింటికల్లా బాగైపోయేది.

మనుషుల్ని తీసుకోవడం ఇంకో కథ. ట్రయల్ రోజుల నుంచే ఒక ఖాళీ ఉంది. అక్టోబర్‌లో ఒకతనికి ఆఫర్ ఇచ్చాం. ఒప్పుకున్నాడు, 90 రోజుల నోటీస్ అన్నాడు. ఆ మూడు నెలలూ వారానికొకసారి "ఎలా ఉన్నారు?" అని పలకరించడం కూడా నా పనే, ఎందుకంటే మన దగ్గర ఒక ఆఫర్ చేతిలో పట్టుకుని ఇంకో రెండు తెచ్చుకోవడం మామూలు. చేరాల్సిన సోమవారం ఉదయం ఫోన్ స్విచాఫ్. ల్యాప్‌టాప్ డెస్క్ మీద పెట్టి ఉంది. మళ్ళీ మొదటి నుంచి వెతకడం మొదలుపెట్టేలోపు ఫిబ్రవరిలో హెడ్‌కౌంట్ ఫ్రీజ్ (కొత్తవాళ్ళని తీసుకోవద్దనే ఆదేశం) వచ్చి ఆ ఖాళీనే తీసేశారు. ఏడాదికి ఒప్పుకున్న పని మాత్రం అంతే ఉంది, నా బోనస్ దాని మీదే ఆధారపడి ఉంది.

ఆ ఫిబ్రవరిలోనే డైరెక్టర్‌ని సూటిగా అడిగాను, సీనియర్ మేనేజర్ కావాలంటే ఏం చెయ్యాలని. సూటిగానే చెప్పాడు: కింద ఇద్దరు మేనేజర్లుండాలి, లేదా మొత్తం 15 మంది దాటాలి.

"అంతమంది ఎప్పుడు వస్తారు?"

"నేను ఇక్కణ్ణుంచి కదిలితే."

ఏడాది మొత్తంలో నాకు దొరికిన అతి నిజాయితీ గల సమాధానం అదే. ఇంజనీర్‌గా స్టాఫ్ కావడానికి ఎవరి కుర్చీ ఖాళీ కానక్కర్లేదు. కమిటీ కఠినం, రెండు మూడుసార్లు తిప్పి పంపడం మామూలే, కానీ ఒకే సైకిల్‌లో ముగ్గురు పాసైతే ముగ్గురికీ ఇస్తారు. మేనేజర్ మెట్టు సంస్థ పెరిగేటప్పుడే పెరుగుతుంది. 2021లో ఆ నిచ్చెన ఎస్కలేటర్‌లా ఉండేదని పాతవాళ్ళంటారు, ఏడాదిలో టీములు రెట్టింపయ్యేవి. నేనెక్కేసరికి గాలి ఎదురు తిరిగింది. 2023 మార్చిలో మెటాలో జుకర్‌బర్గ్ చాలామంది మేనేజర్లని, కింద ఎవరూ లేకుండా సొంతంగా పనిచేసే ఉద్యోగులుగా మారమంటామని ప్రకటించాడు. 2024 సెప్టెంబర్‌లో అమెజాన్ సీఈఓ ఆండీ జస్సీ, మేనేజర్లతో పోలిస్తే మేనేజర్లు కాని ఉద్యోగుల నిష్పత్తి 2025 మొదటి త్రైమాసికం చివరికి కనీసం 15 శాతం పెరగాలని మెమో పంపాడు. మా కంపెనీకి వాటితో సంబంధం లేదు గానీ, ఆ మెమో వచ్చిన రోజు మా మేనేజర్ల గ్రూప్‌లో ఒక్క జోక్ కూడా పడలేదు.

ఏప్రిల్‌లో మా వంతు వచ్చింది. రెండు టీములు కలిపేశారు, 13 మందికి ఒకే మేనేజర్. ఎవరు తీసుకుంటారని డైరెక్టర్ నన్నూ పక్క టీమ్ మేనేజర్‌నీ విడివిడిగా పిలిచి అడిగాడు. ఆలోచించుకోడానికి పది రోజులు. 13 మందిని తీసుకుంటే జీతం పెరుగుతుందా అంటే, ఈ సైకిల్‌లో కాదన్నాడు. 15కి ఇద్దరే తక్కువ కదా అంటే నవ్వి ఊరుకున్నాడు.

ఆ పది రోజుల్లో బయట మార్కెట్ కూడా చూశాను. నానక్‌రామ్‌గూడ, రాయదుర్గం చుట్టుపక్కల కంపెనీల్లో సీనియర్, స్టాఫ్ ఇంజనీర్ పోస్టులు ఎన్నో కనిపించాయి. మేనేజర్ పోస్టులు తక్కువ, ఉన్నవాటిలోనూ పది మందికి పైగా చూసిన అనుభవం కావాలని. మాట్లాడిన ఇద్దరు రిక్రూటర్లూ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: "చివరిసారి కోడ్ ఎప్పుడు రాశారు?" మేనేజర్ ఉద్యోగానికి కూడా ఒక కోడింగ్ రౌండ్ ఉంటుందట. అది విన్నాక నా ఆలోచన ఒక కొలిక్కి వచ్చింది.

వెనక్కి, ఇంజనీర్‌గా, రావడం ఒక ఈమెయిల్‌తో అయిపోతుందనుకుంటారు. మా దగ్గర లెవెల్ నిలబెట్టుకోవాలంటే డిజైన్ రౌండ్ ఒకటి, కోడ్ రివ్యూ రౌండ్ ఒకటి, వేరే విభాగం వాళ్ళ ముందు. తక్కువ అనిపిస్తే ఒక మెట్టు దించే హక్కు వాళ్ళకుంది, జీతం కూడా ఆ మెట్టు బ్యాండ్‌కి (జీతాల పరిధికి) మారుతుంది. ఈ నియమం మేనేజరయ్యేటప్పుడు ఇచ్చిన లెటర్‌లో ఉండదు, పాలసీ పేజీలో ఎక్కడో అడుగున ఉంటుంది. మే అంతా రాత్రి పాప పడుకున్నాక తొమ్మిదిన్నర నుంచి కూర్చున్నాను. ప్రాక్టీస్ సైట్‌కి నెలకు మూడు వేల పైచిలుకు. మొదటి వారం వేళ్ళు కదల్లేదు. మా కోడ్ దాచే రిపోజిటరీలోనే ఏడాదిలో సగం ఫైళ్ళు కొత్తవైపోయాయి. ఏఐ అసిస్టెంట్‌తో కోడ్ రాయించుకోవడం మా టీమ్ పిల్లలకి అప్పటికే అలవాటు, నేను వాళ్ళలో ఒకమ్మాయి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఎవరో కాదు, నేను 15 శాతం రాసిన అమ్మాయే.

డిజైన్ రౌండ్‌లో ఎదురుగా కూర్చున్న ఇద్దరూ నాకంటే చిన్నవాళ్ళు. గంటలో మొదటి పది నిమిషాలు గొంతు తడారింది. తర్వాత వాళ్ళు, సిస్టమ్‌లో క్యూ వెనకబడితే (వరసలో పనులు పేరుకుపోతే) ఏం చేస్తావని అడిగారు. సరిగ్గా అదే సమస్యకి రెండేళ్ళ కింద నేను రాసిన పరిష్కారం ఇప్పటికీ నడుస్తోంది. అక్కణ్ణుంచి మాటలు అవే వచ్చాయి. ఫలితానికి ఆరు వారాలు. ఆ ఆరు వారాలూ నేను మేనేజర్‌నీ కాదు, ఇంజనీర్‌నీ కాదు. నా టీమ్ అప్పటికే పక్క టీమ్ మేనేజర్ కిందికి వెళ్ళిపోయింది, క్యాలెండర్ బోసిగా ఉంది.

జూలై రెండో వారంలో లెటర్. లెవెల్ అదే. బేస్ అదే, మార్చిలో వచ్చిన 6 శాతంతో సహా. వెస్ట్ కాని షేర్లు కదల్లేదు. ఆగస్టు పే స్లిప్‌లో ఆన్‌కాల్ అలవెన్స్ తిరిగొచ్చింది.

నాన్నకి చెబితే కాసేపు ఏమీ అనలేదు. "ఏడీఈ నుంచి ఏఈకి దింపినట్టా తల్లీ?" అన్నారు చివరికి. జీతం తగ్గలేదని రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. తర్వాత ఆయనే, "ఏడీఈ అయ్యాక ఒక్క రిలే కూడా నా చేత్తో సెట్ చెయ్యలేదు" అని తనలో తను అనుకున్నట్టు అన్నారు. అత్తయ్య మాత్రం అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ చెప్పలేదు, వాళ్ళ లెక్కలో నేనింకా మేనేజర్‌నే.

ఒక లాభం ఊహించనిది. మేనేజర్‌గా ఉండగా ప్రమోషన్ కమిటీకి ఇద్దరి ప్యాకెట్లు నేనే రాశాను. కమిటీ దేన్ని చదువుతుంది, దేన్ని దాటేస్తుంది, పక్క టీమ్ మేనేజర్ చెప్పే రెండు వాక్యాలకి ఎంత బరువుంటుంది, అంతా అవతలి వైపు నుంచి చూశాను. పాత ప్యాకెట్ తీసి చూస్తే ఎందుకు తిప్పి పంపారో మొదటి పేజీలోనే అర్థమైంది: నేను చేసిన పనులన్నీ ఉన్నాయి, వాటివల్ల ఎవరి పని సులువైందో లేదు. కొత్తది మూడు పేజీలు. పక్క టీముల నుంచి ఇద్దరు మేనేజర్లు సమర్థిస్తూ రాశారు, వాళ్ళిద్దరూ క్యాలిబ్రేషన్ గదిలో పరిచయమైనవాళ్ళే.

స్టాఫ్ బ్యాండ్ మా దగ్గర సీనియర్ మేనేజర్ బ్యాండ్‌తో సమానం. అక్టోబర్ సైకిల్‌లో నా పేరు వెళ్ళింది. ఫలితం డిసెంబర్‌లో. ఈసారీ తిరిగొస్తే ఏప్రిల్‌లో ఇంకో సైకిల్ ఉంది. 13 మందిని తీసుకున్న పక్కాయన నిన్న కాఫీ దగ్గర కనిపించాడు, ఇద్దరు పేపర్ పెట్టారట, 11 అయ్యారు.